సగం లేని క్లచ్

ఫిజియోథెరపిస్టు డాక్టరు కాదు. ఆ సంగతి తన క్లినిక్ తలుపు మీద అతనే స్వయంగా రాయించాడు. అయినా వచ్చినవాళ్ళంతా డాక్టరుగారూ అనే పిలిచేవాళ్ళు. మొదటి పదేళ్ళూ ఓపిగ్గా సరిదిద్దాడు, తర్వాత మానేశాడు. ఇప్పుడతనికి నలభై ఎనిమిదేళ్ళు. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా అతని నోటివెంట ఎక్కువగా వచ్చే మాటలు రెండే. ఒకటి "మెల్లగా." రెండోది "తొందరేం లేదు." ఇరవై మూడేళ్ళుగా ఆ రెండు మాటల మీదే జీవనం నడుస్తోంది.

అలాంటి మనిషి స్పోర్ట్స్ కారు కొన్నాడు. వెతుక్కుంటూ వెళ్ళి కొన్నది కాదు. నడుం నొప్పితో అతని దగ్గరికి వచ్చే ఒక పళ్ళ డాక్టరుకి ఆ కారుండేది. నేలకి జానెడెత్తున ఉండే బూడిదరంగు బండి, రెండే సీట్లు. నొప్పికి కారణం ఆ కారులోకి ఎక్కి దిగడమేనని మన ఫిజియోకి అనుమానం వచ్చింది. రోగకారణం కళ్ళారా చూద్దామని కిందికి వెళ్ళాడు. చాలాసేపు చూశాడు. మూడో వారానికల్లా ఆ కారు అతని ఇంటి ముందుంది, పళ్ళ డాక్టరు నడుం నొప్పి పోయింది. అతని వైద్యంలో అంత త్వరగా గుణం కనిపించిన కేసు మరొకటి లేదు.

అతని భార్య డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. పంతొమ్మిదేళ్ళలో కొన్ని వేల మందికి బండి నేర్పింది. ఆమె చేతిలో కారు ఒక్కసారి కూడా ఆగిపోలేదని ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. శిష్యులు చెప్పుకునేవారు, ఆమె కాదనేది కాదు. కొత్త కారు చుట్టూ ఆమె ఒకసారి తిరిగి వచ్చింది.

"సీట్లు రెండే ఉన్నాయి," అంది.

"మనం ఇద్దరమే కదా."

"మరి సామాను?"

"ఏం సామాను?"

"అదే, ఏ సామానూ పట్టదు కదా అంటున్నా."

ఆ మాట అక్కడితో ముగిసింది. ఏడాది పాటు కారు బుద్ధిగా నడిచింది. ఆ తర్వాత క్లచ్ జారడం మొదలైంది. ఎక్సలేటరు తొక్కితే ఇంజను అరిచేది, కారు మాత్రం ఆ అరుపు తనని కాదన్నట్టు ఉన్న వేగంతోనే పోయేది. ఇంజనుకీ చక్రాలకీ మధ్య ఉండి, కాలితో తొక్కితే రెంటినీ విడదీసి, వదిలితే కలిపే పళ్ళెమే క్లచ్. అరిగిపోతే కలపదు. అంతకుమించి అందులో రహస్యం ఏమీ లేదు.

ఫిజియోకి మాత్రం చాలా రహస్యం కనపడింది. మధ్యాహ్నం భోజనం వేళ, నడుముకి బరువులు కట్టి లాగే బల్ల మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని, అదే రకం కారున్నవాళ్ళ గుంపు రాతలన్నీ ఫోనులో చదివాడు. మూడు వారాలు చదివాడు. కంపెనీ క్లచ్ తీసేసి బయట దొరికే గట్టి క్లచ్ వేయించుకున్నవాళ్ళ అనుభవాలు అందులో వందలకొద్దీ ఉన్నాయి. ఒకాయన ఇక జన్మలో మామూలు క్లచ్ జోలికి వెళ్ళనని రాశాడు. ఇంకొకాయన మొదటి ఐదువందల కిలోమీటర్లే కష్టమనీ, తర్వాత అదే అలవాటవుతుందనీ రాశాడు. మరొకాయన, "ఊళ్ళో తిరిగేవాళ్ళు దయచేసి ఇది వేయించకండి," అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాడు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఫిజియో కూడా పట్టించుకోలేదు.

మెకానిక్‌ది ఊరి చివర ఒంటరి షెడ్డు. నెమ్మదస్తుడు. ఫోనులో బొమ్మ చూపిస్తే నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని చూశాడు.

"ఇది రేసు బళ్ళకేస్తారు సార్. మీరు రేసులకెళ్తారా?"

"లేదు."

"ఇంజను పవరేమైనా పెంచుతున్నారా?"

"లేదు."

"కొండలవీ ఎక్కుతారా?"

"మన ఊళ్ళో గుట్ట ఉంది కదా. అదే, ఎప్పుడన్నా."

"మరెందుకు సార్?"

"గట్టిది కదా. ఎందుకైనా మంచిదని."

మెకానిక్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఒక మాట అడుగుతా. మీ దగ్గరికి ఎవరైనా వచ్చి, నా మోకాలు బానే ఉంది, అయినా ఎందుకైనా మంచిది ఉక్కుది పెట్టించండి అంటే ఏమంటారు?"

"వద్దంటాను."

"నేనూ అదే అంటున్నా."

పార్సిలు నాలుగు రోజుల్లో వచ్చింది.

నిజానికి "ఎందుకైనా మంచిదని" అన్నది అబద్ధం. అసలు కారణం మెకానిక్‌కి చెప్పేది కాదు. రోజంతా మనుషుల్ని మెల్లగా నడిపించే ఆ మనిషికి, ఆ గుంపులో ఎవరూ మెల్లగా అనే మాట వాడకపోవడం నచ్చింది. వాళ్ళలో ఒకడినవ్వాలనిపించింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి ఆ ముక్క పైకి ఎలా చెబుతాడు?

కొత్త ప్లేటు గుండ్రంగా లేదు. పువ్వులా ఆరు రేకులు, ఒక్కో రేకు చివర ఒక గట్టి బిళ్ళ. మామూలు ప్లేటు నడుమ కుదుపు తీసుకునే స్ప్రింగులుంటాయి, దీనికి అవి కూడా లేవు. మెకానిక్ పని ముగించి తాళం చేతికిస్తూ, "కాలు జాగ్రత్త," అన్నాడు. సాధారణంగా ఆ మాట చెప్పేది ఫిజియో.

షెడ్డు నుంచి ఇంటికి నాలుగు కిలోమీటర్లు. కారు ఏడుసార్లు ఆగిపోయింది. అందులో రెండుసార్లు షెడ్డు గేటులోనే. ఆ సమయంలో మెకానిక్ దయతో అటు తిరిగి పానాలు సర్దుకున్నాడు. మామూలు క్లచ్ ఇంజన్నీ చక్రాలనీ కరచాలనం చేయించినట్టు కలుపుతుంది, ఇది చెంపదెబ్బ కొట్టినట్టు కలిపింది. మధ్యలో ఆపి పట్టుకుందామంటే కారు వణికి, కప్పగంతులేసి, అతని కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఆగిపోయేది. ఊరికే నిలబెట్టి ఉంచితే రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపుతున్నట్టు చప్పుడు. ఇంటికొచ్చేసరికి ఆ చప్పుడుకి పై అంతస్తులో ఉండే రిటైర్డు గుమాస్తా కిందికి దిగివచ్చాడు.

"ఏదో ఊడినట్టుందండీ," అన్నాడు.

"ఊడలేదండీ. అలాగే బిగించారు."

గుమాస్తా కాసేపు నిలబడి విన్నాడు. "ఖరీదైనదాండీ?" అని అడిగాడు. అవునన్నాడు ఫిజియో. గుమాస్తా తల ఊపి పైకి వెళ్ళిపోయాడు.

ఐదువందల కిలోమీటర్లు పూర్తయ్యాయి. అలవాటు కాలేదు. వెయ్యి పూర్తయ్యాయి. ట్రాఫిక్ లైటు ఎర్రగా కనబడితే చాలు, ఎడమ పిక్క దానంతటదే బిగుసుకునేది. మింగలేడు, కక్కలేడు. గుంపులో ఎవరైనా ఎలా ఉందని అడిగితే "అద్భుతం" అని రాసేవాడు. మిగతా అద్భుతాలు కూడా బహుశా ఇలాగే రాసి ఉంటారని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక బుధవారం, డ్రైవింగ్ స్కూలు కారు రిపేరుకి పోయింది. లైసెన్సు పరీక్ష ఉన్న శిష్యులు పరీక్షల ఆఫీసు దగ్గర ఎదురు చూస్తుంటారు, ఆలస్యమైతే పరువు పోతుంది. భార్య అతని తాళం తీసుకుని వెళ్ళింది. ఆ ఆఫీసు ఎదుటి కూడలిలో, ఐదుగురు శిష్యులూ, వాళ్ళని పరీక్షించవలసిన ఆఫీసరూ చూస్తుండగా, కారు మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి కదిలింది కానీ ఆ కదలడం ఎలాంటిదంటే, ఆఫీసరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇంటికొచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టింది. విసిరేయలేదు, పెట్టింది. విసిరేసి ఉంటే అతనికి ఇంత భయం వేసేది కాదు.

"దీనికి హాఫ్ క్లచ్ లేదు," అంది.

"ఉంది. కొంచెం సన్నగా ఉంటుంది."

"ఎంత సన్నగా?"

అతను బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి చూపించాడు. ఆమె ఆ వేళ్ళ మధ్యకి తొంగిచూసింది.

"అది సన్నం కాదండీ, లేకపోవడం. నేను రోజూ పిల్లలకి ఏం చెప్తానో తెలుసా? క్లచ్ సగంలో పట్టుకోండమ్మా, కారే మీతో మాట్లాడుతుంది అని చెప్తాను. ఇది మాట్లాడదు, తిడుతుంది. బంగారంలాంటి కంపెనీ క్లచ్ వద్దని కొరివితో తల గోక్కున్నారు."

ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె ఆ కారెక్కలేదు. ఎక్కడికైనా ఇద్దరూ వెళ్ళాలంటే, పైన "నేర్చుకుంటున్నారు, జాగ్రత్త" అని బోర్డున్న స్కూలు కారులో వెళ్ళేవారు.

ఒకరోజు ప్యాంటు తొడుక్కుంటుంటే ఎడమ తొడ దగ్గర బిగుతుగా అనిపించింది. వృత్తిధర్మంగా టేపు తీశాడు. మోకాలి చిప్పకి పదిహేను సెంటీమీటర్ల పైన, కుడి తొడ చుట్టుకొలత యాభై రెండు, ఎడమది యాభై నాలుగు. కూర్చుని, లేచి, మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది. క్లినిక్‌లో తన పేరు మీద ఒక ఫైలు తెరిచి ఆ అంకెలు రాశాడు. తర్వాత కండరాల బలం కొలిచే చేతి యంత్రం పట్టుకెళ్ళి క్లచ్ పెడలుకి ఆనించి నొక్కాడు. ఇరవై మూడు కిలోలు. పోల్చడానికి ఇంకొకటి కావాలి కనుక స్కూలు కారుది కూడా కొలిచాడు. తొమ్మిది. భోజనాల దగ్గర ఆ విషయం భార్యకి చెప్పాడు.

"నా కారు కొలవమని మీకెవరు చెప్పారు?" అంది ఆమె.

అలాంటప్పుడు నలభై రెండు వచ్చాడు.

అది ఆయన పేరు కాదు, వయసూ కాదు. అరవై ఏడేళ్ళ పెద్దమనిషి. ముప్పై నాలుగేళ్ళు నలభై రెండో నంబరు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు కనుక ఊరంతా ఆయన్ని నలభై రెండు అనేది. ఎడమ మోకాలి చిప్ప మార్చి ఆరు వారాలైంది. బేకరీలో పనిచేసే కోడలు ప్రతి గురువారం సెలవు పెట్టుకుని, లిఫ్టులో పైకి తీసుకొచ్చేది. ఆమె లోపలికి రాగానే గదంతా రొట్టె వాసన వచ్చేది, ఆకలి లేని రోగులక్కూడా ఆకలేసేది.

"ఇంట్లో వ్యాయామం చేస్తున్నారా పెద్దాయనా?" అని అడిగాడు ఫిజియో.

"ఆఁ, చేస్తున్నా."

"చెయ్యట్లేదండీ," అంది కోడలు. "టీవీ ముందు కూర్చుని లెక్క మాత్రం పెడుతున్నారు. పది, ఇరవై, ముప్పై అని. కాలు కుర్చీ మీంచి కదలదు."

మోకాలు ఎనభై డిగ్రీల కంటే వంగడం లేదు. నూటపదైనా వంగకపోతే మెట్లు ఎక్కలేడు, కుర్చీలోంచి లేవలేడు, కర్ర వదల్లేడు. ఫిజియో ఆ సంగతి మెల్లగా, తొందరేం లేకుండా వివరించి, పాదానికి సాగే రబ్బరు పట్టీ తగిలించి తొక్కమన్నాడు. పెద్దాయన ఆ పట్టీ వంక చూశాడు.

"ఇదేంటి బాబూ, జడరబ్బరు?"

"దీన్ని ముందుకి తొయ్యాలి. అలా పదిసార్లు."

"రోజుకి మూడు వేలసార్లు బస్సు క్లచ్ తొక్కిన కాలు ఇది. ముప్పై నాలుగేళ్ళు తొక్కింది. దీనికి నువ్వు తొక్కడం నేర్పుతున్నావా? తాతకి దగ్గులు నేర్పినట్టుంది."

కాలు కదపలేదు. ఇలా రెండు గురువారాలు గడిచాయి. బద్ధకస్తుల్ని ఫిజియో చాలామందిని చూశాడు, ఈయన బద్ధకస్తుడు కాదు. ఆ కాలికి అవమానం జరిగింది. అంతకాలం ఊరిని మోసిన కాలికి పచ్చరబ్బరు ముక్క ఇచ్చి ఆడుకోమంటే ఎలా ఉంటుంది? అర్థమైంది కానీ, అర్థమైతే మోకాలు వంగదు. పుస్తకంలో దానికి మందు లేదు.

మూడో గురువారం ఫిజియో ఇంటికెళ్ళి భోజనం చేసి కాస్త ఆలస్యంగా వచ్చాడు. పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాడు. కింద ఆవరణలో గులకరాళ్ళ చప్పుడు వినిపించింది, ఆగింది, మళ్ళీ వినిపించింది, ఆగింది. ఫిజియో గదిలోకి రాగానే ఆయన అడిగాడు.

"ఆ చప్పుడు నీ బండిదా?"

"అవునండీ."

"క్లచ్ తొక్కితే ఆగుతోంది, వదిలితే వస్తోంది. స్ప్రింగుల్లేని ప్లేటు వేయించావు."

"అవునండీ."

"పెడలు బరువుంటుందా?"

"ఇరవై మూడు కిలోలు."

"ఎవరు కొలిచారు?"

"నేనే."

పెద్దాయన అతన్ని మొదటిసారి మనిషిని చూసినట్టు చూశాడు. "ఒకసారి తొక్కనిస్తావా బాబూ?" అన్నాడు.

ఫిజియో ఆపరేషన్ చేసిన సర్జన్‌కి ఫోను చేశాడు. నిలబెట్టిన కారులో, ఇంజను ఆపి, పెడలు తొక్కించవచ్చా అని అడిగాడు. సర్జన్ ముందు ఆపరేషన్ తేదీ చూసుకున్నాడు. తర్వాత ఏ కారని అడిగాడు. చెప్పాడు. మోకాలు నూరు డిగ్రీలు వంగితే తప్ప ఆ కారులో కూర్చోలేడని సర్జన్ అన్నాడు. ఆయనకీ ఒకప్పుడు అలాంటి కారుండేదట. పదో వారం దాటాక, నూరు డిగ్రీలు వస్తే, పక్కనే ఉండి చేయించమన్నాడు.

ఆ మాటే పెద్దాయనకి చెప్పాడు. తర్వాతి గురువారం కోడలు అతన్ని వరండాలోకి పిలిచి గొంతు తగ్గించింది.

"మావయ్య టీవీ కట్టేసి మరీ చేస్తున్నారండీ. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఆ రబ్బరు ఒకటి తెగిపోయింది కూడా. ఒంట్లో బానే ఉందంటారా?"

పదకొండో వారం మోకాలు నూటనాలుగు డిగ్రీలు వంగింది. ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఆవరణలోకి దిగారు. ఆ కారులో కూర్చోవడమంటే బావిలోకి దిగడం లాంటిది. పెద్దాయన ముందు వెనక్కి తిరిగి, కోడలి భుజం పట్టుకుని, కుడి కాలు మడిచి, ఎడమ కాలు చాపి, సీటులోకి జారడానికి ఆరు నిమిషాలు పట్టింది. కూర్చున్నాక స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టాడు. అద్దం సరిచేసుకున్నాడు. వెనక ప్రయాణికులెవరూ లేరు, గోడ ఉంది. అయినా చూశాడు.

తర్వాత ఎడమ పాదం పెడలు మీద పెట్టి తొక్కాడు. సగం దాకా వెళ్ళి ఆగింది. చెమట పట్టింది. మళ్ళీ తొక్కాడు. నాలుగోసారికి పెడలు అడుగుకి తగిలింది. పది పూర్తిచేసి కాలు తీశాడు. ఆ పది ఆయన లెక్క పెట్టలేదు, కోడలు పెట్టింది.

"మా పాత బస్సులు ఇలాగే ఉండేవి," అన్నాడు. "తర్వాత కొత్తవి ఇచ్చారు. క్లచ్ వెన్నలా ఉండేది. మోకాలు పాడైంది అప్పట్నుంచే."

"అలా ఉండదండీ."

"నీకేం తెలుసు?"

దిగడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఫిజియో వాచీ చూసి రాసుకున్నాడు. నిజం చెప్పాలంటే అసలు వ్యాయామం ఆ దిగడమే. అంత లోతు నుంచి లేవగలిగిన మనిషికి లోకంలో ఏ కుర్చీ ఒక లెక్క కాదు. కానీ ఆ సంగతి పెద్దాయనకి చెప్పలేదు. చెబితే మానేస్తాడని భయం.

అప్పట్నుంచి ప్రతి గురువారం పదేసి చొప్పున మూడుసార్లు. క్లినిక్ కిటికీల్లో మిగతా రోగులు గుమిగూడి చూసేవాళ్ళు. భుజం పట్టేసిన ఒకావిడ, తనకి స్టీరింగు తిప్పే వ్యాయామం ఏమైనా ఉంటుందా అని అడిగింది. పద్నాలుగో వారానికి దిగడం మూడు నిమిషాలకి వచ్చింది. సర్జన్ ఎక్స్‌రే చూసి బండి నడపవచ్చన్నాడు.

నడపనిస్తానని ఫిజియో ఎప్పుడూ మాటివ్వలేదు. పెద్దాయన ఎప్పుడూ అడగలేదు. లైసెన్సు కాగితం మాత్రం చొక్కా జేబులో పెట్టుకుని వచ్చేవాడు, అప్పుడప్పుడు బయటికి తీసి మడత సరిచేసుకునేవాడు. ఫిజియో ఇంట్లో భార్యకి చెప్పాడు.

"పద్నాలుగు వారాల కిందట మోకాలు కోయించుకున్న మనిషికి ఆ కారు ఇస్తారా?" అంది ఆమె. "నేను పక్కన కూర్చుని చూస్తే తప్ప వీల్లేదు."

"నువ్వు ఆ కారెక్కనన్నావు కదా."

"నడపనన్నాను."

ఆమె అలా అనలేదు. ఇతను గుర్తుచేయలేదు.

ఆదివారం పొద్దున, ఖాళీగా ఉన్న ఆటల మైదానం ఎదుటి స్థలంలో కలుసుకున్నారు. రెండే సీట్లు కనుక ఫిజియో బయట నిలబడ్డాడు. పెద్దాయన తన కర్ర అతని చేతికిచ్చి కారులోకి దిగాడు. భార్య పక్క సీటులో కూర్చుని అలవాటు ప్రకారం కాలితో రెండో బ్రేకు కోసం వెతికింది. అది స్కూలు కారులోనే ఉంటుంది.

ఇంజను మొదలైంది. గులకరాళ్ళు మోగాయి. పెద్దాయన క్లచ్ తొక్కాడు, చప్పుడు ఆగింది. గేరు వేశాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఫిజియోకి కనపడలేదు. కారు కదిలిందంతే. వణకలేదు, గెంతలేదు. వానలో కాగితప్పడవలా సాగిపోయింది. ఐదు నెలలుగా ఆ క్లచ్‌తో తిరుగుతున్నాడు, కానీ దాంతో కారు అలా కదలగలదని అతనికి తెలియదు. సంతోషం కలిగింది. దాని వెనకే, బాగా వెనక, చిన్న మంట కూడా.

కారులో జరిగిన మాటలు భార్య తర్వాత చెప్పింది. ఒక చుట్టు తిరిగాక ఆమె, "సగంలో ఎక్కడ పట్టుకుంటున్నారు?" అని అడిగిందట.

"సగం వెతక్కమ్మా. దీనికి సగం లేదు. మడమ నేలమీద ఆనించు. ఇంజను గొంతు కాస్త లేవగానే కాలు తీసెయ్. ఆలోచించకు."

"నేను టీచర్నండీ. పంతొమ్మిదేళ్ళుగా నేర్పుతున్నాను."

"అందుకే చెప్తున్నా. టీచర్లు కాలు మధ్యలో ఆపి వివరిస్తారు."

రెండో చుట్టు తిరిగి కారు ఫిజియో దగ్గరికొచ్చింది, ఆగలేదు. గేటు దాటి రోడ్డెక్కి గుట్ట వైపు వెళ్ళిపోయింది. అతను చేతిలో కర్రతో నలభై నిమిషాలు నిలబడ్డాడు. కాసేపటికి పరుగు కోసం వచ్చిన ఒకతను, కాలికేమైందని జాలిగా అడిగాడు. ఏమీ కాలేదన్నాడు ఫిజియో. అతను నమ్మలేదు.

కారు తిరిగొచ్చేసరికి స్టీరింగు దగ్గర భార్య ఉంది. స్థలం మధ్యలో ఆపింది. కదిలించింది. మళ్ళీ ఆపింది, మళ్ళీ కదిలించింది. అవసరం ఏమీ లేదు. ఆరుసార్లు చేసింది, ఒక్కసారి కూడా ఇంజను ఆగిపోలేదు. తర్వాత దిగి, "ఆకలేస్తోంది," అంది. ముఖంలో ఏ భావమూ లేదు కానీ, చెవులు ఎర్రగా ఉన్నాయి. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆమె చెవులు ఎర్రబడటం అతను మహా అయితే నాలుగుసార్లు చూసి ఉంటాడు.

అటువైపు తలుపు తెరుచుకుంది. పెద్దాయన తలుపు చట్రం పట్టుకుని ఒక్క ఊపులో లేచి నిలబడ్డాడు. ఎవరూ చెయ్యివ్వలేదు. ఆ పని జరిగిపోయాకే ముగ్గురికీ సంగతి తెలిసింది. ఫిజియో సోమవారం ఫైలులో రాసుకున్నాడు: "అతి తక్కువ ఎత్తు సీటు నుంచి ఆసరా లేకుండా లేవగలుగుతున్నారు."

మరో రెండు ఆదివారాలు పట్టినా, ఫిజియో కూడా నేర్చుకున్నాడు. భార్య అంత బాగా కాదు. మడమ ఆనించి, ఆలోచించకుండా కాలు తీసెయ్యడం అతనికి కష్టంగా ఉండేది. ఆలోచించకుండా చేసిన పని అతని జీవితంలో ఆ క్లచ్ కొనడం ఒక్కటే. రోజుకి ఒకటి రెండుసార్లు కారు ఆగేది. అంతకుముందు పదీ పదకొండు. అది మంచి గుణమే.

ఆ వారం గుంపులో ఎవరో కొత్తాయన అడిగాడు, ఈ క్లచ్ ఊళ్ళో వాడుకకి బాగుంటుందా అని. కింద అప్పటికే ముగ్గురు "అద్భుతం" అని రాసి ఉన్నారు. ఫిజియో భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి, నిజం రాశాడు. పెడలు బరువు ఇరవై మూడు కిలోలని రాశాడు. ఎడమ తొడ రెండు సెంటీమీటర్లు పెరిగిందని రాశాడు. హాఫ్ క్లచ్ లేదనీ, నాలుగు నెలలు భార్య కారెక్కలేదనీ రాశాడు. చివర, "మోకాలి ఆపరేషనైన పదకొండో వారం నుంచి మాత్రం చాలా బాగుంటుంది," అని రాశాడు. అది హాస్యమనుకుని నలభైమంది నవ్వారు. మునుపు ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాయన మాత్రం, "ధన్యవాదాలు," అన్నాడు.

పెద్దాయనకి వైద్యం పూర్తయిందని కాగితం ఇచ్చి పంపించారు. తర్వాతి గురువారం అదే వేళకి ఇస్త్రీ చొక్కాతో, కర్ర లేకుండా, మెట్లెక్కి వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. కోడలు రాలేదు. బస్సులో వచ్చాడట.

"నొప్పేమైనా ఉందా?" అని అడిగాడు ఫిజియో.

"లేదు."

"మరి?"

పెద్దాయన కిటికీలోంచి కింద ఉన్న కారు వంక చూశాడు. "కుడి మోకాలు కూడా పాడైందని డాక్టరు మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాడు. నేనే ఒప్పుకోలేదు. ఇప్పుడు చేయించుకుందామనుకుంటున్నా." కుడి మోకాలు తట్టాడు. "అది బ్రేకు కాలు. నీ బండికి బ్రేకు ఎలా ఉంటుంది?"

"మామూలుగానే ఉంటుందండీ. కంపెనీది."

పెద్దాయన ముఖం కాస్త చిన్నబోయింది. "సరే, ఏం చేస్తాం," అన్నాడు. "దిగడం ఉంటుంది కదా."

దిగడమే అసలు వ్యాయామమని ఆయనకి ఎప్పట్నుంచి తెలుసో ఫిజియో అడగలేదు. కొత్త ఫైలు తీసి పేరు రాశాడు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రికి ఎలా వెళ్దామని కోడలు అడిగితే, ఆ టీచరమ్మని రమ్మనండి అన్నాడట ఆయన. భార్య ఆ రోజు రెండు పాఠాలు వాయిదా వేసుకుని, బూడిదరంగు కారులో వాళ్ళింటికి వెళ్ళింది. బట్టల సంచి పెట్టడానికి చోటు లేక కోడలు దాన్ని పట్టుకుని వెనక ఆటోలో వచ్చింది. దారిలో ఆరు ట్రాఫిక్ లైట్లు, ఆరూ ఎర్రగానే దొరికాయి. ప్రతిచోటా కారు ఆగింది, ప్రతిచోటా మెత్తగా కదిలింది. ఆసుపత్రి గేటు దాకా పెద్దాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నాడు. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.